పాయ కింద

ఆ ఎండాకాలమంతా ఆ యంత్రాన్ని ఏ బండకో వేసి కొట్టకుండా ఎలా ఓర్చుకున్నానో నాకే తెలియదు. నాది ఓర్పున్న ప్రాణం కాదు. బస్తర్ అంచున, భోపాల్‌పట్నంలో నాకు మోటార్లు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు ఉంది. చెడిపోయి వచ్చిన వస్తువును ముందు నాలుగు తిట్లు తిట్టి, తరువాత విప్పుతాను. తిట్టు పడితేనే అవి దారికొస్తాయని నా నమ్మకం. ఇంట్లో వాళ్ళు నవ్వుతారు కానీ, ఇన్నేళ్ళలో ఆ పద్ధతి నన్ను పెద్దగా మోసం చేయలేదు. ఈ మెటల్ డిటెక్టర్ మాత్రం తిట్టుకూ లొంగలేదు, బుజ్జగింపుకూ లొంగలేదు.

దాన్ని వరంగల్‌లో పాత సామాను అమ్మే ఒకాయన దగ్గర కొన్నాను. పొడవాటి కడ్డీ, దాని కొసన పళ్ళెం లాంటి గుండ్రటి తీగచుట్ట, చేతి దగ్గర మీటలున్న పెట్టె, చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్లు. పళ్ళెం నేలకు ఆనీ ఆనకుండా అటూ ఇటూ ఊపుకుంటూ నడవాలి. కింద లోహం ఉంటే చెవిలో కూత పెడుతుంది. చెప్పడానికి ఇంతే. మా అత్త దాన్ని మొదటిరోజు చూసి, "ఏందిరా ఇది, చీపురా?" అంది. అప్పటినుంచి ఆ ఇంట్లో దాని పేరు చీపురు. నేను ఏరు ఊడవడానికి వచ్చినవాణ్ణి.

నేను వెతుకుతున్నది దొరల కాలం నాటి వెండి రూపాయల కోసం. అవి మా అత్తవి. అత్త అంటే మా నాయనకు అక్క. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో వాళ్ళ అత్తగారు మెడలో వేసిన రూపాయల దండ అది. ఒక్కో రూపాయికి ఒక కొక్కెం అతికించి, ఎర్రదారానికి వరసగా గుచ్చారు. ఒకప్పుడు ఇటువైపు ఆడవాళ్ళ మెడలో అటువంటివి మామూలే. ఆ దండ వెల నాకు అక్కరలేదు. అది మట్టిలోనే ఉందని, మా నాయన దాన్ని తినలేదని తేలితే చాలు నాకు.

ఇది ఇరవై ఏళ్ళ కిందట మొదలైన సంగతి. ఇక్కడి చాలా ఊళ్ళలాగే అత్త వాళ్ళ ఊరు కూడా ఒక ఏడు ఖాళీ అయింది. ఎందుకు ఖాళీ అయిందో ఇక్కడ అందరికీ తెలుసు, ఎవరూ గట్టిగా చెప్పుకోరు. అత్త మొగుడు, అంటే మా మామ, దండను ఒక చెంబులో పెట్టి ఎక్కడో పాతి, పెళ్ళాన్నీ బిడ్డనూ తీసుకొని ఇంద్రావతి దాటి అవతలి ఒడ్డుకు పోయాడు. ఎక్కడ పాతాడో అత్తకు చెప్పలేదు. ఆడవాళ్ళకు తెలిస్తే తుపాకులు పట్టినవాళ్ళు బెదిరించి అడుగుతారని ఆయన భయం. అక్కడ చుట్టాల గుడిసెలో ఉండగానే జ్వరం పట్టింది. చూడడానికి మా నాయన నది దాటి వెళ్ళాడు. అత్త మందు తేవడానికి పోయిన వేళ మామ కళ్ళు తెరిచి, నాయనను దగ్గరికి పిలిచి ఒక మాట చెప్పాడు. అత్త తిరిగొచ్చేసరికి మామకు తెలివి లేదు. ఆ సాయంత్రమే పోయాడు. నాయన అక్కను పక్కకు పిలిచి చెప్పిన ముక్కలు మా రెండు ఇళ్ళలోనూ అందరికీ కంఠతా వచ్చు.

"'పాయ కింద పెట్టిన' అన్నడక్కా. ఏటి పాయ."

ఇంద్రావతి ఆ ఊరి దగ్గర రెండుగా చీలుతుంది. పెద్ద ప్రవాహం దూరంగా పోతుంది, చిన్న పాయ అత్త ఇంటి వెనకనుంచే పోతుంది. వానాకాలం నీళ్ళు, ఎండాకాలం ఇసుక. మామ ఊరు విడిచింది ఎండాకాలంలో. అంతా అతికినట్టు సరిపోయింది, ఎవరికీ అనుమానం రాలేదు.

అత్త వాళ్ళు అవతలి ఒడ్డునే ఉండగా నాయన గడ్డపార పట్టుకొని వెళ్ళి ఆ పాయలో తవ్వాడు. ఒక ఎండాకాలం కాదు, పాయ ఎండిన ప్రతిసారీ పోయాడు. ఏమీ దొరకలేదు. ఒక్కడే పోవడం ఆయన చేసిన పొరపాటు. ఆ రోజుల్లోనే మా పాత కొట్టుకు పెంకులు తీసి స్లాబు వేయించాం. మా మిర్చి పంట బాగా పలికిన ఏడది. కానీ చూసేవాళ్ళకు మిర్చి కనిపించలేదు, గడ్డపారా స్లాబూ కనిపించాయి.

పైగా సంతలో మా నాయనకు ఒక పేరుంది. ఆయన కొసరు వేయడు. అప్పట్లో మాది కిరాణా. కిలో ఉప్పు అంటే కిలో ఉప్పే. పల్లెలనుంచి వచ్చిన ఆడవాళ్ళు కొంగు చాపి, ఇంకింత వెయ్యి సేటూ అని నవ్వుతూ అడిగినా గింజ రాల్చేవాడు కాదు. కొసరు వేసేవాడు ముందే తూకంలో తీసుకుంటాడని ఆయన వాదన. ఆయన తక్కువ తూచిన రోజు కూడా లేదు. జనం అది మరచిపోయారు. కొసరు వేయని చెయ్యి దొరికిన చెంబును వదులుతుందా అన్నారు.

ఆ మాట మొదట నోటితో అన్నది అత్త కూతురు. నాకు మరదలు. చిన్నప్పుడు నా వెంట బావా బావా అంటూ తిరిగిన పిల్ల. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు, సచ్చినోడి సొమ్ము తిన్నాడని మా నాయనను మా గడపలోనే నిలబడి అంది. అత్త ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. నాకు అదే ఎక్కువ మండింది. నాయన పోయిన రోజు అత్త వచ్చింది, తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చొని ఏడ్చింది. లేచి పోతుంటే నేను మంచినీళ్ళ గ్లాసు అందించాను. వద్దని చెయ్యి అడ్డం పెట్టి వెళ్ళిపోయింది. ఆ గ్లాసు పట్టుకొని నేను అందరి ముందూ నిలబడ్డాను.

అందుకే ఈ చీపురు కొన్నాను.

ఈ జిల్లాలో ఇటువంటి యంత్రం భుజాన వేసుకొని తిరిగేవాళ్ళు వేరే, వాళ్ళు వెతికేది మందుపాతరలు. ముందు ఊరి పటేలును వెంటబెట్టుకొని ఠాణాకు పోయి కథంతా చెప్పుకోవాల్సి వచ్చింది. దొరికింది చూపిస్తానని ఒప్పుకున్నాక పంపించారు. అయినా రోడ్డు మీది క్యాంపులో ప్రతి ఉదయం ఆపి యంత్రాన్ని తిప్పి తిప్పి చూసేవాళ్ళు. అక్కడి జవాను ఒకడు హిందీలో హాస్యమాడాడు: మాకు మేకు మోగితే ప్రాణం లేచొస్తుంది, నీకు మేకు మోగితే ప్రాణం విసుగుతుంది, యంత్రం మాత్రం ఒక్కటే అని. నాకు నవ్వు రాలేదు కానీ అతను అన్నది నిజమే.

మేకుల్ని వినవద్దని చెప్పే మీట ఒకటుంది. దాన్ని తిప్పితే ఇనుముకు యంత్రం నోరు మూసుకుంటుంది. కానీ తిప్పిన కొద్దీ లోతుగా ఉన్నవాటికి కూడా చెవుడు వస్తుంది. నాకు లోతు కావాలి. ఇరవై వానాకాలాల వరదమట్టి ఆ చెంబు మీద పడి ఉంటుందని నా లెక్క. లోతు కోసం ఆ మీట తగ్గిస్తే ఏరంతా ఇనుమే. ఒకప్పుడు పై అడవుల్లో కొలుములు పెట్టి రాయి కరిగించి ఇనుము తీసేవాళ్ళు. ఆ చిట్టెం ముక్కలు నల్లగా, తేలిగ్గా, చిల్లులు చిల్లులుగా ఏటి నిండా ఉన్నాయి. అవి చాలనట్టు ఇసుకలో ఇసుకలా కలిసిన నల్ల రేణువులు. అయస్కాంతం పెడితే గడ్డంలా అంటుకుంటాయి. సెన్సిటివిటీ పెంచితే ఆ నల్ల ఇసుకకే యంత్రం గగ్గోలు పెడుతుంది, తగ్గిస్తే జానెడు కిందిది కూడా వినపడదు. గోరుచుట్టు మీద రోకలి పోటంటే అదే.

యంత్రంతో రెండు పళ్ళేలు వచ్చాయి. చిన్నది పైపైన ఉన్న చిన్నవాటికి, పెద్దది లోతుగా ఉన్న పెద్దవాటికి. ఏది ఎంత లోతుకు వింటుందో తేల్చుకుందామని నా భార్య వెండి పట్టీని మా పెరట్లో మోచేతి లోతున పాతి చూశాను. చిన్న పళ్ళెం మూగపోయింది. పెద్ద పళ్ళెం సన్నగా పలికింది. పట్టీ తవ్వి తోమి ఇచ్చేదాకా నా భార్య నాతో మాట్లాడలేదు. ఆ రోజునుంచి వెతకడానికి పెద్ద పళ్ళేన్నే బిగించాను.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, నన్ను ముంచినది, గ్రౌండ్ బ్యాలెన్స్. ప్రతి నేలకూ తనదైన మోత ఒకటి ఉంటుంది. మా ఎర్రనేలలో ఇనుము పాలు ఎక్కువ, మోత కూడా ఎక్కువే. వెతకడానికి ముందు యంత్రానికి ఆ మోత వినిపించి, ఇది వట్టి నేల, దీన్ని పట్టించుకోకు అని నేర్పాలి. ఏ లోహమూ లేని చోటు చూసుకొని, పళ్ళేన్ని కిందికి దించుతూ పైకి ఎత్తుతూ, మోత అణిగేదాకా మీట తిప్పాలి. ఆ తరువాత నేల కానిది ఏదైనా కింద ఉంటేనే అది కూస్తుంది. అమ్మినాయన ఫోన్లో పదేపదే చెప్పాడు, చోటు మాత్రం శుభ్రంగా ఉండాలి అని.

పాయలో శుభ్రమైన చోటు ఎక్కడుంది? అడుగు వేస్తే చిట్టెం. అందుకని అత్త వాకిలి ఎంచుకున్నాను. అదీ ఏటి ఒండ్రు నేలే. ఇంటి పక్కన మంచమంత చోటు ఉంది. అత్త దాన్ని వారం వారం పేడతో అలికి, ఇప్పపువ్వు, చింతపండు ఎండబోస్తుంది. రాయి లేదు, రప్ప లేదు. ఒకప్పుడు అక్కడ నాలుగు టేకు మొద్దుల మీద నిలబెట్టిన వడ్ల గాదె ఉండేది. ఊరు ఖాళీగా ఉన్న కాలంలో చెదలు పట్టి కూలిపోయింది. తిరిగొచ్చాక మళ్ళీ కట్టుకోలేదు, రేషన్ బియ్యానికి గాదె ఎందుకని. మొదటిరోజు, మేకు ముక్కైనా ఉందేమోనని, చిన్న పళ్ళెంతో ఆ చోటంతా జాగ్రత్తగా చూశాను. ఒక్క కూత లేదు. సంతోషించాను. ఆ తరువాత రోజూ పెద్ద పళ్ళెం బిగించి అక్కడే, గోడ నీడ పడే మూలలో బ్యాలెన్స్ చేసేవాణ్ణి. పళ్ళెం దించగానే ఊఁ అని లోతైన మోత ఒకటి వచ్చేది. బస్తర్ నేల కదా, ఆ మాత్రం ఉంటుందనుకొని మీట తిప్పి తిప్పి దాన్ని అణిచేవాణ్ణి. పూర్తిగా అణిగాక పాయలోకి దిగేవాణ్ణి.

దిగిన దగ్గరనుంచి నరకం. యంత్రం వట్టి ఇసుక మీద కూసేది. గోతులు తవ్వితే ఏమీ ఉండేది కాదు. నేనే పరీక్షకని పాతిపెట్టిన గిన్నె మీదికి పళ్ళెం తెస్తే నోరు మెదిపేది కాదు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటారు, నాకు ఆ ఎలుక కూడా రోజూ దొరకలేదు. సీసా మూతలు, వలలకు కట్టే సీసపు గుళ్ళు, గుట్కా కాగితాలు, ఒక సైకిల్ గంట, తాళంచెవి లేని తాళం. తాళం దొరికిన రోజు దాన్ని ఏటి అవతలికి విసిరేశాను. మెడ కాలి, నడుం విరిగి, చెవుల్లో కూతలతో ఇంటికొస్తే అన్నం సయించేది కాదు. అమ్మినాయనకు ఫోన్ చేసి తిట్టేవాణ్ణి. ఆయన ఓపికగా, బ్యాలెన్స్ సరిగా చేస్తున్నారా అని అడిగేవాడు. అద్దంలాంటి చోట చేస్తున్నానని అరిచేవాణ్ణి.

మరదలు ఆ ఇంట్లోనే ఉంటుంది. మొగుడు పనికి జగదల్‌పూర్ వైపు పోయి వస్తుంటాడు. నేను వచ్చినన్ని రోజులూ ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నాకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే కోళ్ళకు చెప్పేది. ఎండ ముదిరిందని, అమ్మ పిలుస్తోందని, అన్నీ కోళ్ళతోనే. నేను కోళ్ళ వైపు చూసి తల ఊపేవాణ్ణి. ఒకరోజు చెమటతో వచ్చి చూరు కింద కూర్చుంటే, నూకలు చల్లుతూ అంది.

"గెలుకుండ్రి, గెలుకుండ్రి. తిన్నది మట్టిల దొరుకుతదా?"

నాకు మండిపోయింది. యంత్రం కడ్డీ చేతిలోనే ఉంది. కోళ్ళు గింజలు ఏరుకుంటున్నాయి, ఆమె లోపలికి పోయింది. కడ్డీ కింద పెట్టి, చూరు కింది మంచం మీద ఉన్న అత్త వైపు తిరిగి, ఇన్నేళ్ళుగా అడగలేనిది అడిగేశాను. నువ్వు కూడా నమ్ముతున్నావా అత్తా అని. అత్త చింతపండు గింజలు తీస్తోంది. చేయి ఆపలేదు.

"మా తమ్ముడు తినలేదంటే, మరి నా దండ ఏదిరా?"

యంత్రం ఎత్తుకొని మళ్ళీ పాయలోకి దిగాను. కోపం ఇంకా పెరిగింది. ఎవరి మీదో తెలియదు. పోయిన నాయన మీద కూడా వచ్చింది. ఆ గడ్డపార పట్టుకొని ఒక్కడివే ఎందుకు పోయావు, నలుగురిని వెంటబెట్టుకుని పోతే నీ సొమ్మేం పోయేది అని పాయలో నిలబడి తిట్టుకున్నాను.

రోహిణి ఎండలు అయిపోవచ్చాయి. దక్షిణంనుంచి మబ్బులు రావడం మొదలైంది. ఎగువన రెండు వానలు పడితే పాయలో నీళ్ళు వస్తాయి, మళ్ళీ ఏడాది దాకా దిగడానికి లేదు. అత్తకు ఇంకో ఎండాకాలం ఉంటుందో లేదో. ఆఖరిరోజు పొద్దున మామూలుగా వాకిట్లో బ్యాలెన్స్ చేసి, పాయలో మిగిలిన మూల కూడా చూసి, వట్టి చేతులతో పైకొచ్చాను. పళ్ళెం విప్పి సంచిలో పెడుతున్నాను. తిట్టడానికి కూడా ఓపిక లేదు. అత్త మంచం మీదనుంచి లేవబోయి తూలింది.

"పోయేముందు ఈ పాయా జర బిగించి పోరా. ఊగుతాంది."

మంచం కోడు వదులైంది. నేను సుత్తి కోసం చూస్తూ, దేన్ని బిగించాలి అన్నాను. "పాయా" అంది అత్త మళ్ళీ, కోడు మీద చెయ్యి వేసి. ఇదేం మాట అత్తా, పాయా ఏంటి అన్నాను. అప్పుడు అత్త నవ్వింది. చాలా ఏళ్ళకు ఆమె నవ్వడం చూశాను.

"మీ మామ మాట. కట్టెల డిపోల పని గదా, కట్టె మాటలన్ని హిందీలనే అంటుండె. కోడు అనకపోతుండె. దేని కాలైన పాయానే. మంచం పాయా, బల్ల పాయా, గాదె…"

అక్కడ ఆగింది. నేను సుత్తి కింద పెట్టాను. హైదరాబాద్ వైపు పాయా అంటే గొర్రె కాళ్ళ పులుసు. ఎన్నిసార్లు తిన్నానో. అందులో ఉన్నదీ కాలే. ఇన్నేళ్ళలో ఆ ముక్క నా బుర్రకు తట్టలేదు.

నాయన చెప్పిన మాటను మళ్ళీ చెప్పమన్నాను. అత్త కళ్ళు మూసుకొని, పాఠంలా అప్పజెప్పింది. 'పాయ కింద పెట్టిన' అన్నడక్కా, ఏటి పాయ. ఆ రెండోది ఎవరన్నారు అని అడిగాను. ఏటి పాయ అన్నది మామా, నాయనా? అత్త కళ్ళు తెరిచింది.

"అది మీ నాయన అన్నడు."

జ్వరం గొంతులో పాయా చివరి దీర్ఘం ఎవరికి వినపడుతుంది? ఉప్పూ పప్పూ తూచే మా నాయనకు కట్టెల మాటలు తెలియవు. పాయ అనగానే ఏరే గుర్తొచ్చింది. అక్కకు సందేహం ఉండకూడదని ఏటిని కూడా కలిపి చెప్పాడు. అత్తకు మొగుడి మాట తెలుసు, కానీ ఆ మాట ఆమెకు చేరేసరికి దానికి అడ్డంగా ఏరు వచ్చి నిలబడింది. ఇద్దరమూ గాదె ఉన్న చోటు వైపు చూశాం. పేడతో అలికి, సాఫుగా, పచ్చగా ఉంది.

నేను పరుగున యంత్రాన్ని మళ్ళీ బిగించాను. ఈసారి వాకిట్లో బ్యాలెన్స్ చేయలేదు. ఊరి బయట దున్ని వదిలేసిన చెలక దాకా పోయి, ముందు పళ్ళెం అటూ ఇటూ ఊపి ఎక్కడా కూత లేదని చూసుకొని, అక్కడ చేశాను. అక్కడ నేల మోత వేరేగా ఉంది. చిన్నగా, గరగరగా. అణిగింది. తిరిగొచ్చి అలికిన చోటు మీద పళ్ళెం దించాను. మూడు మూలలూ మౌనంగా ఉన్నాయి. ఇంటి గోడ వైపు మూలకు రాగానే చెవులు పగిలేలా కూసింది.

ఆ గొంతు నాకు తెలుసు. ప్రతి ఉదయం ఊఁ అని నన్ను పలకరించింది అదే. ఎండాకాలమంతా అది తానున్నానని చెబుతూనే ఉంది, నేను మీట తిప్పి తిప్పి దాని నోరు మూయించాను. వెండిని చూపించి, ఇది వట్టి నేల అని యంత్రానికి నేర్పాను. అటువంటి చదువు చదివిన యంత్రం పాయలో ఇసుకకు కూసిందంటే, వెండికి ఊరుకుందంటే, దాని తప్పేముంది? నాకు నవ్వు రాలేదు. హెడ్‌ఫోన్లు తీసి నేల మీద విసిరాను.

గడ్డపార తెచ్చింది మరదలే. ఎప్పుడు వచ్చి నిలబడిందో చూడలేదు. నేను పొడుస్తుంటే ఆమె పారతో మట్టి తీసింది. ముందు నల్లబడిన టేకు మొద్దు బయటపడింది, గాదె కాలు అడుగు. దాని కింద పలకరాయి. పలకరాయి ఎత్తితే పచ్చగా చిలుము పట్టిన ఇత్తడి చెంబు, మూతికి లక్కతో అతికించిన గుడ్డ. మరదలు దాన్ని రెండు చేతులతో పైకి తీసి అత్త ఒళ్ళో పెట్టింది. దారం ఎప్పుడో చివికిపోయింది. రూపాయలు నల్లగా, ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి. అత్త లెక్కపెట్టలేదు. ఒకదాన్ని తీసి కొంగుతో రుద్దితే కొక్కెం మెరిసింది. దాన్ని బొటనవేలితో తడుముతూ కూర్చుంది.

"చంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినం" అంది మరదలు. ఎవరితో అందో తెలియలేదు. చుట్టూ కోళ్ళు లేవు. లోపలికి పోయి, చాలాసేపటికి ముఖం కడుక్కొని వచ్చింది. చేతిలో నీళ్ళ గ్లాసు ఉంది. నా ముందు పెట్టి, తల ఎత్తకుండా, "బావా, తాగు" అంది.

సంతోషించాలి. నాకు సంతోషం రాలేదు. నాయన ఉండగా ఈ గ్లాసు ఎక్కడికి పోయింది అని అరవాలనిపించింది. ఆయన కొట్టు గల్లా దగ్గర కూర్చొని, సంతరోజు అక్క అటువైపు పోతుంటే తలెత్తి చూసేవాడు. ఆమె తల వంచుకొని పోయేది. ఆ చూపు ఎవరు తవ్వి తీస్తారు? ఆ యంత్రానికి ఎన్ని మీటలున్నా అందుకు ఒక్కటి లేదు.

అత్త రూపాయను చెంబులో వేసింది.

"అడిగినోళ్ళకు ఎన్నడు కొసరు వెయ్యలే మా తమ్ముడు. నేను అడగకముందే నాకు ఒక్క మాట కొసరు వేసిండు."

ఆ మాట అని ఏడ్చింది. మామ కోసం కాదు, దండ కోసం కాదు. నాయన పోయిన రోజు ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. మరదలు తల్లి భుజం పట్టుకుంది. వాన చినుకులు ఒకటీ అరా పడుతున్నాయి, తవ్విన గుంటలో మట్టి తడుస్తోంది.

నేను గ్లాసు తీసుకొని అత్తకు అందించాను. నీళ్ళు వాళ్ళవే, గ్లాసూ వాళ్ళదే. చెయ్యి మాత్రం మా నాయన కొడుకుది. అత్త ఆ చేతిని రెండు చేతులా పట్టుకొని నీళ్ళన్నీ తాగింది.